మొండికెత్తిన బండి

గత మాసమున కుక్కరు మూతను గూర్చి మేము వ్రాసిన నాలుగు మాటలు తమకు పనికివచ్చినవని పలువురు సోదరీమణులు ఉత్తరములు వ్రాసిరి. వారికి మా వందనములు. ఆ యుత్తరములలో మూడింటిలో స్కూటరు ప్రస్తావన యుండెను. "బండి కదలినంతకాలము మాకు ఎవ్వరి తోడును అక్కఱలేదు. కదలనినాడు మాత్రము వీథిలో నిలుచుండి వచ్చిపోవువారి మొగములు చూడవలసి వచ్చుచున్నది. దీనికేమి యుపాయము?" అని యొక సోదరి యడిగినది. ఆ ప్రశ్న మా మనస్సున నాటినది. ఏలయన, అట్లు నిలుచుండుట యెట్టిదో మేమును ఎఱుగుదుము.

మా తండ్రిగారు మాకు ఇంటియొద్దనే అమరము, రఘువంశము, కవిత్రయ భారతము చెప్పిరి. యంత్రశాస్త్రము చెప్పలేదు. వివాహమైన పిమ్మట మా వారి బడి యొక దిక్కున, పిల్లల బడి యొక దిక్కున, అంగడి మఱియొక దిక్కున నగుటచే 2017లో గేరులేని స్కూటరు నొకదానిని కొంటిమి. దానిని నడపుట పది దినములలో నేర్చితిమి. అది నడవనప్పుడు ఏమి చేయవలెనో నేర్చుటకు మాత్రము ఏండ్లు పట్టినది. నేర్పిన గురువు అవమానము.

ఒక శుక్రవారము రైతుబజారులో కూరలు కొని వచ్చి సెల్ఫు మీట నొక్కితిమి. ఇంజను గిరగిర తిరిగినదే గాని అంటుకొనలేదు. మరల నొక్కితిమి. ఇంతలో ఒక పెద్దమనిషి వచ్చి "అలా కాదమ్మా" అని తాను నొక్కెను. రెండవవారు కిక్కు కొట్టిరి. మూడవవారు ప్లగ్గు పోయినదనిరి. నాల్గవవారు బ్యాటరీ పోయినదనిరి. పావుగంటలో బ్యాటరీ నిజముగనే డస్సిపోయినది. అంతవఱకు మాటాడక చూచుచున్న ఆకుకూరల ముసలమ్మ, "అమ్మాయ్, అందులో పెట్రోలుందా?" అని యడిగినది. సీటు తెఱచి చూడగా తొట్టి యెండియున్నది. పెట్రోలును సూచించు ముల్లు ఎప్పుడో చెడి సగముకడ నిలిచిపోయినదట! నలుగురు పురుషులకును, భారతము చదివిన మాకును తోచని ప్రశ్న ఆ యమ్మకు తోచినది.

ఆనాడు బండిని అచ్చటనే విడిచి ఇంటికి నడచి వచ్చుచు మేము నిశ్చయించుకొన్నది ఒక్కటే. ఇకమీదట బండిని తన్నుటకు ముందు ప్రశ్న అడుగవలెను. బండితో వచ్చిన చేతిపుస్తకమును బీరువా అడుగునుండి తీసి, కావ్యమును వలెనే పీఠిక మొదలు తుదివఱకు చదివితిమి. తెలియని చోట్ల, మా పేటలో ముప్పదియేండ్లుగా బండ్లు బాగుచేయుచున్న వృద్ధుడగు మెకానిక్కును అడిగి తెలిసికొంటిమి. ఈ నెల వ్రాయునది ఆ విద్యయే.

ఇది స్త్రీలకేల యను వారికి ఒక మాట. మోటారు కారును మొదట నిర్మించినవారిలో ప్రసిద్ధుడైన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ 1888వ సంవత్సరము ఆగష్టు మాసమున భర్తకు ముందుగా చెప్పకయే, తన యిద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, జర్మనీలో మాన్‌హైమ్ నుండి పుట్టినిల్లగు ఫోర్ట్స్‌హైమ్‌నకు సుమారు 100 కిలోమీటర్లు ఆ బండిలో వెళ్ళినది. అంతదూరము కారులో పయనించుట అదియే మొదలు. దారిలో ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీకి గ్రుచ్చు సూదితో దానిని శుభ్రపఱచినది. విద్యుత్తు తీగ ఒరసికొనగా మేజోటి పట్టీతో దానిని కాపాడినది. ఇంధనము తఱిగిపోగా వీస్లోఖ్ అను నూరిలో మందుల అంగడియందు కొన్నది. మొట్టమొదటి దూరప్రయాణమున బండిని బాగుచేసికొన్నది ఒక గృహిణియే. కావున మనము ప్లగ్గును ముట్టుట క్రొత్తవింత యేమియు గాదు.

గత శ్రావణమాసమున ఒక సాయంకాలము మా వీథి చివర నివసించు నొక యువతి మా యింటికి వచ్చినది. ఆమెకు ఐదేండ్ల కూతురు. భర్త రోగియై మంచము పట్టియున్నాడు. తెల్లవాఱక మునుపే లేచి ఇడ్లీలు వండి, ఆఱుగంటలకు రెండు విద్యార్థి వసతిగృహములకు చేర్చి ఆ కుటుంబమును పోషించుచున్నది. ఆమె బండి, ఎవరో వాడి విడిచిన పాత మోపెడు. అది మూడు దినములుగా కదలలేదు. ఆటోలో ఇడ్లీలు పంపగా వచ్చిన లాభమంతయు ఆటోకే పోయినది. ఒక రిపేరు దుకాణమువారు చూచి, ఇంజను విప్పవలెను, 7,000 రూపాయలగునని చెప్పిరట. ఆమె చెవుల కమ్మలు తీసి మా చేతిలో బెట్టి, "అక్కయ్యగారూ, ఇవి మీ దగ్గర ఉంచుకుని డబ్బు సర్దండి. నెల తిరిగేలోగా తీర్చేస్తాను" అన్నది.

"కమ్మలు చెవులకే పెట్టుకో అమ్మా. ముందు బండిని చూద్దాం" అంటిమి.

ఆ దుకాణమువారు మోసము చేసిరని మేము చెప్పజాలము. వరుసగా అడుగనివానికి రోగమంతయు గుండెలోనే యున్నట్లు తోచును. వైద్యుడు ముందు నాడి చూచి, నాలుక చూచి, ఏమి తింటివని యడిగిన పిదప గదా శస్త్రము మాట యెత్తుట!

బండి ఇంజను కదలుటకు కావలసినవి మన పొయ్యికి కావలసినవే. మండుటకు ఇంధనము, ఊపిరికి గాలి, అంటించుటకు నిప్పు. వీనికి తోడు నాల్గవది బిగువు. ఇంధనముతో గూడిన గాలిని లోపలి ముషలకము గట్టిగా నొక్కవలెను. పీల్చుట, నొక్కుట, మండుట, పొగను వెళ్ళగొట్టుట అను నాలుగు అడుగుల ఈ పద్ధతితో నడచు ఇంజనును 1876లో జర్మనీదేశస్థుడగు నికొలౌస్ ఒట్టో నిర్మించెను. నేటి మన స్కూటర్లును ఆ నాలుగు అడుగులే వేయుచున్నవి. కావున బండి కదలనిచో ఈ నాలుగింటిలో ఏదో లోపించినది. అది అలిగినదనియు, దిష్టి తగిలినదనియు అనుకొనవలదు. ఏది లోపించెనో వరుసగా అడుగుదము. ఖర్చులేని ప్రశ్న ముందు, ఖర్చుగలది వెనుక.

మొదటి ప్రశ్న: బండికి అనుమతి యున్నదా?

ఇది నవ్వుదగినట్లుండును గాని, సగము చిక్కులు ఇచ్చటనే తేలును. తాళపుచెవి పూర్తిగ తిరిగినదా? కుడిచేతివైపు ఇంజనును ఆపు ఎఱ్ఱమీట కొన్ని బండ్లకు గలదు. దానిని పిల్లలెవరైన నొక్కియుందురా? ప్రక్క స్టాండు దిగియున్నచో ఇంజను అంటుకొనకుండ అడ్డుకొను ఏర్పాటు నేటి బండ్లలో చాలవానికి గలదు. స్టాండు ఎత్తితిరా? గేరులేని స్కూటర్లలో బ్రేకు పట్టుకొననిదే సెల్ఫు పనిచేయదు. బ్రేకు పట్టితిరా? మోపెడులలోను, పాతబండ్లలోను పెట్రోలు కుళాయి యుండును. అది తెఱచియున్నదా? కడపటిది మా ముసలమ్మ ప్రశ్న. పెట్రోలున్నదా? ముల్లును నమ్మక, మూత తీసి టార్చిలైటుతో చూడవలెను. అగ్గిపుల్ల గీచి గాని, సెల్లు గదిలో దీపముంచుకొని గాని చూడరాదు. పెట్రోలు ఆవిరి కంటికి కనబడదు, క్షణములో అంటుకొనును.

ఆ యువతి బండికి ఇవి యన్నియు సరిగనే యున్నవి. తొట్టిలో సగమునకు పైగా పెట్రోలున్నది.

రెండవ ప్రశ్న: ఏమి వినబడుచున్నది?

సెల్ఫు నొక్కునప్పుడు చెవి యొగ్గి వినవలెను. ఏ శబ్దమును లేక, దీపములును వెలుగనిచో ఫ్యూజు తెగియుండవచ్చును, లేదా బ్యాటరీ తీగ ఊడియుండవచ్చును. తెగిన ఫ్యూజుకు బదులు అదే అంకె గల ఫ్యూజునే పెట్టవలెను. వెండికాగితము చుట్టుట, తీగముక్క కట్టుట బండిని తగులబెట్టుకొనుటయే. టిక్కుటిక్కుమని మాత్రము వినబడి, ఆ క్షణమున దీపములు మసకబాఱినచో బ్యాటరీ నీరసించినది. హారను గొంతు బొంగురుపోవుటయు దానికి గుర్తు. బ్యాటరీ కొనల మీద తెల్లని, పచ్చని పొడి పట్టియున్నచో దానిని శుభ్రపఱచి బిగించినంతనే బ్రదికివచ్చిన బండ్లు గలవు. ఊడదీయునప్పుడు ఋణకొన, అనగా మైనసు గుర్తుగలది, ముందు తీసి, బిగించునప్పుడు దానినే కడపట బిగించవలెను. వోల్టులు కొలుచు మీటరు గల యింట, విశ్రాంతిగనున్న నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు తగ్గినచో ఛార్జి అడుగంటినట్లే.

సెల్ఫును ఒక్క తడవకు అయిదు క్షణములకంటె మించి నొక్కరాదు. నడుమ పది పదునైదు క్షణములు విరామ మీయవలెను. మా రైతుబజారు పెద్దమనుష్యులు ఈ నియమము తెలియకయే మా బ్యాటరీని పీల్చివైచిరి. ఈ సెల్ఫు కూడ మనకు చిన్న వరము గాదు. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కారునకు విద్యుత్తుతో ఇంజనును త్రిప్పు సాధనము అమర్చబడెను. అంతకు మునుపు కార్ల ముందు నిలిచి ఇనుప పిడిని చేతితో త్రిప్పవలసియుండెను. ఆ పిడి వెనుకకు తన్ని చేతులు విఱుగుటయు గలదు.

బ్యాటరీ నీరసించినను, కిక్కు గల కార్బ్యురేటరు బండి కిక్కుతో కదలవచ్చును. 2020 ఏప్రిలు నుండి బి.ఎస్. 6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిమ్మట తయారైన బండ్లలో చాలవానికి కార్బ్యురేటరునకు బదులు పెట్రోలును కొలిచి చిమ్ము సాధనము వచ్చినది. వానికి కిక్కు కొట్టినను కొంత విద్యుత్తు కావలెను. వానిలో తాళము త్రిప్పగానే లోపల చిన్న పంపు రెండు మూడు క్షణములు గుయ్యిమనును. ఆ ధ్వని ఆగిన పిమ్మట సెల్ఫు నొక్కవలెను. అప్పుడు యాక్సిలరేటరు త్రిప్పనక్కఱలేదు. ఇంజను బొమ్మగల దీపము ఇంజను నడచిన పిమ్మటగూడ ఆఱనిచో మన ప్రశ్నలు చాలించి, కంప్యూటరుతో పరీక్షించువారి యొద్దకు పంపవలెను.

మోపెడును మేము కిక్కు కొట్టి చూచితిమి. ఒకటి రెండు మాఱులు టపటప కొట్టుకొని ఆగిపోయినది. మరల అంతే. నిప్పు బొత్తిగ లేనిచో ఆ పాటియు కొట్టుకొనదు. కావున అనుమానము ఇంధనము మీదికి పోయినది.

మూడవ ప్రశ్న: తగిన ఇంధనము లోపలికి చేరుచున్నదా?

తొట్టిలో నున్నంత మాత్రమున ఇంజనుకు చేరినట్లు గాదు. తొట్టి మూతకు గాలి పోవు సన్నని రంధ్ర ముండును. అది మట్టితో మూసికొన్నచో పెట్రోలు దిగదు. కొంతదూరము నడచి ఆగిపోయి, మూత తెఱచి మూయగానే మరల నడచుట దాని లక్షణము. చల్లని యుదయమున చోకు వాడవలెను. వేడెక్కిన ఇంజనుకు వాడరాదు. పలుమాఱులు ప్రయత్నించిన పిదప పెట్రోలు వాసన గుప్పుమన్నచో లోపల అతిగా చేరినదని యర్థము. అన్నము ఎక్కువ తిన్న బిడ్డకు మరల ముద్ద పెట్టుదుమా? చోకు తీసి పది నిమిషములు ఊరకుండవలెను. పిమ్మట కార్బ్యురేటరు బండియైనచో యాక్సిలరేటరు పూర్తిగ త్రిప్పి పట్టుకొని, వెనుక చక్రము నేలను తాకకుండ నడిమి స్టాండు మీద నిలిపి, నాలుగు కిక్కులు కొట్టవలెను. అంటుకొనినంతనే చేయి సడలించవలెను.

నెలల తరబడి కదలక పడియున్న బండిలో పెట్రోలు చెడి జిగురుగా మాఱి కార్బ్యురేటరులోని సన్నని రంధ్రములను మూయును. వేసవి సెలవులకు ఊరికి పోవువారు, తిరిగి వచ్చునాటికి బండి మొండికెత్తుట చూచియే యుందురు. వారమునకొక మాఱు పది నిమిషములు నడపువారు ఇంటనున్నచో ఈ చిక్కు రాదు.

ఇక నీరు. నేడు మన దేశమున అమ్ముడగు పెట్రోలులో నూటికి 20 పాళ్ళవఱకు ఇథనాలు కలియుచున్నది. అది నీటిని పీల్చుకొను స్వభావము గలది. కొంత నీటిని తనలో నిముడ్చుకొనును గాని, మితి మీఱినచో నీటితోగూడి పెట్రోలును విడిచి అడుగునకు దిగును. కార్బ్యురేటరుకు పోవు గొట్టము అడుగుననే యుండునుగదా! అప్పుడు ఇంజనుకు చేరునది పెట్రోలు గాదు.

ఆ యువతిని, బండి ఎక్కడ నిలుపుదువని యడిగితిమి. ఇంట చోటులేక వీథిలోనే నిలుపుదుననియు, మూడు రాత్రులు ఎడతెగని వాన కురిసినదనియు చెప్పినది. మోపెడు తొట్టి మూత ఆకాశమునకే యెదురుగ నుండును. మూత తీసి చూడగా లోపలి రబ్బరు పట్టీ పగిలియున్నది. వీథిదీపము క్రింద, పొయ్యికిని దీపమునకును దూరముగ, ఇంజను చల్లగనున్నప్పుడు, కుళాయి మూసి, కార్బ్యురేటరు అడుగున నున్న చిన్న మరను సడలించి, ఆవకాయ పెట్టుకొను చిన్న గాజుసీసాను క్రింద పట్టితిమి. సీసాలో దిగినదానిని కదలక నిలిపి టార్చి వేసి చూచితిమి. పాలమీద మీగడ తేలినట్లు రెండు పొరలు విడివడి నిలిచినవి. పైది పెట్రోలు. క్రిందిది నీరు కలిసినది.

ఆమె ఆ సీసాను చేతిలోనికి తీసికొని చాలసేపు చూచినది. "ఇదా అక్కయ్యగారూ, ఏడువేలు?" అన్నది. మా కన్నులు చెమర్చినవి.

మఱునాడు మా వృద్ధ మెకానిక్కు తొట్టినంతయు దింపి, కడిగి, క్రొత్త రబ్బరు వేసెను. పెట్రోలు గాక 350 రూపాయలైనది. రెండవ కిక్కునకు బండి నడచినది.

ఆమె బండికి ఇచ్చటితో తేలినది. మీ బండికి తేలకపోవచ్చును. కావున తక్కిన ప్రశ్నలు.

నాల్గవ ప్రశ్న: నిప్పురవ్వ యున్నదా?

ముందు ప్లగ్గు మీది రబ్బరుటోపీ గట్టిగ కూర్చుండెనో లేదో నొక్కి చూడవలెను. వానలో తడిసినచో పొడిబట్టతో తుడిచి ఆఱనీయవలెను. ఇంతమాత్రముతోనే కదలు బండ్లు పెక్కులు. కదలనిచో, ఇంజను చల్లాఱిన పిమ్మట ప్లగ్గు స్పానరుతో ప్లగ్గును విప్పి దాని మొగము చూడవలెను. నాలుక చూచి వైద్యుడు కడుపు సంగతి చెప్పునట్లు, ఇది లోపలి సంగతి చెప్పును. లేత ఇటుకరంగైనచో ఆరోగ్యము. పెనము అడుగువలె ఎండుమసి పట్టినచో గాలి తక్కువయై పెట్రోలు ఎక్కువైనది. పెట్రోలుతో తడిసియున్నచో ఇంధనము చేరుచున్నది గాని నిప్పు అంటుటలేదు. నల్లనూనెతో తడిసినచో ఇంజను లోపల అరుగుదల యున్నది. అది మెకానిక్కు పని. సున్నమువలె తెల్లబాఱినచో మితిమీఱిన వేడి. అదియు చూపవలసినదే.

రవ్వ వచ్చుచున్నదో లేదో ప్లగ్గును బయట పట్టి చూచుట మెకానిక్కులు చేయుదురు. పెట్రోలు ఆవిరి దగ్గఱ రవ్వ పుట్టించుట మనకు వలదు. దానికంటె సుళువైనది గలదు. మీ బండి చేతిపుస్తకమున చెప్పిన క్రొత్త ప్లగ్గునే యొకటి ఇంట నుంచుకొని, అది వేసి చూచుట. రెండు కొనల నడిమి సందు చాల బండ్లకు 0.7 నుండి 0.9 మిల్లీమీటరు వఱకు నుండును. సరియైన కొలత పుస్తకమున చూడవలెను. క్రొత్తదానిని ముందు చేతివ్రేళ్ళతోనే మెల్లగ త్రిప్పి దింపి, కడపట మాత్రమే స్పానరుతో కొలదిగ బిగించవలెను. ప్లగ్గు దిగు చోటు మెత్తని అల్యూమినియము. బలము చూపినచో మరలు చెడి పెద్ద ఖర్చు తగులును.

అయిదవ ప్రశ్న: ఊపిరి యాడుచున్నదా?

గాలిని వడియగట్టు ఎయిర్ ఫిల్టరు, మన పిండిజల్లెడవంటిది. దుమ్ము నిండినచో గాలి చొఱదు. కాగితపుదానిని నీట కడుగరాదు, మార్చవలెను. స్పంజిదానిని మాత్రము పుస్తకమున చెప్పినట్లు కడుగవచ్చును. ఒకమాఱు మా స్కూటరు ఫిల్టరు పెట్టెలో మా యింటి ఎలుక కొబ్బరిపీచుతో పురిటిగది కట్టుకొన్నది. పీచు తీసినంతనే బండి నడచినది. ఎలుకలు తీగలను కొఱుకుటయు గలదు గనుక, ధాన్యపు బస్తాల ప్రక్క బండి నిలుపరాదు.

ఆఱవ ప్రశ్న: బిగువున్నదా?

కిక్కు కొట్టునప్పుడు కాలికి ఎదురు తగులవలెను. ఏ యెదురును లేక, ఊకలో రోకలి వేసినట్లు దిగిపోయినచో లోపలి బిగువు సడలినది. ఇచ్చట మన విద్య ముగిసినది. ఇప్పుడు ఇంజను విప్పవలెనని మెకానిక్కు చెప్పినచో అది న్యాయమే.

ఒక్కటి మాత్రము మఱువవలదు. వఱదనీటిలో దిగి ఆగిపోయిన బండిని సెల్ఫుతో గాని కిక్కుతో గాని కదల్పరాదు. గాలి నలుగును గాని నీరు నలుగదు. లోపల నీరుండగా బలవంతపెట్టినచో ఇంజనులోని కడ్డీ వంగిపోవును. త్రోసికొనియే తీసికొనిపోయి, నూనె చూపవలెను. నూనె మజ్జిగ కలిపినట్లు తెల్లబాఱియున్నచో దానిని మార్చక నడపరాదు.

జాగ్రత్తలు కొన్ని. ఇంజనును మూసిన గదిలోగాని వసారాలోగాని నడుపరాదు. దాని పొగలో వాసనలేని విషవాయువు గలదు. కొంగును, చున్నీని నడుమున దోపుకొని గాని బండి దగ్గఱ కూర్చుండరాదు. పరీక్షించునప్పుడు వెనుక చక్రము తిరుగును గనుక పిల్లలను దూరముగ నుంచవలెను. సైలెన్సరు చాలసేపు కాలుచుండును. ఇంట ఎవరికైన ప్రాణము మీదికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలతో కాలము పుచ్చక 108కి ఫోను చేయవలెను.

రథచక్రపు శీల యూడిపోగా కైక తన వ్రేలు నిలిపి దశరథుని కాపాడినదని మన పెద్దలు చెప్పు కథ వినియున్నాము. ఆమె ధైర్యమునకు నమస్కారము. కాని మనవంటివారు వ్రేలు నలుగగొట్టుకొనుటకంటె పెట్టెలో ఒక శీల ఉంచుకొనుట మేలు. సీటు క్రింద ఒక గుడ్డసంచిలో ప్లగ్గు ఒకటి, ప్లగ్గు స్పానరు, స్క్రూడ్రైవరు, అదే అంకె గల ఫ్యూజులు రెండు, పొడిబట్ట, చిన్న టార్చి ఉంచుకొనుడు. నెలకొక ఆదివారము బ్యాటరీ కొనలు, తొట్టి మూత రబ్బరు, ఇంజను నూనె చూచుకొనుడు. అరగంట పని. పుట్టినింటి తోటలో మందు కొట్టు యంత్రమునకును, నీరు తోడు పెట్రోలు ఇంజనుకును, తోటదారులలో తిరుగు నాలుగు చక్రముల చిన్న బండికిని ఈ ప్రశ్నల వరుసయే చెల్లును.

ఇవి యన్నియు నేర్చినను కొన్నిమాఱులు మెకానిక్కు యొద్దకు పోవలసియే వచ్చును. అందు సిగ్గులేదు. కాని "బండి కదలలేదు" అని పోవుట వేఱు, "కిక్కుకు ఎదురున్నది, ప్లగ్గు తడిసియున్నది, క్రొత్తది వేసినను అంటుకొనలేదు" అని పోవుట వేఱు. రెండవ మాట విన్నవాడు మనతో పని మాట మాటాడును.

ఆ యిడ్లీల యువతి మొన్న మరల మా యింటికి వచ్చినది. కమ్మలు చెవులకే యున్నవి. వసతిగృహము గుమ్మము ముందు ఎవరో విద్యార్థిని స్కూటరు ఆగిపోయినదట. "అక్కయ్యగారూ, పెట్రోలుంది, స్టాండు తీసే ఉంది, సెల్ఫు తిరుగుతోంది. మీ ప్లగ్గు స్పానరు ఒక్కసారి ఇస్తారా?" అని యడిగినది. ఇచ్చితిమి. వచ్చు మాసమున నీటి మోటారును గూర్చి వ్రాసెదము.